తిర్సా ఊదిన పొట్టేలు కొమ్ము

ఇటు జరుగవే కెజియా. దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆఁ, అలాగ. కాలు నా మీద వేసుకో, పర్లేదు. పొద్దున ఖాళీ కాగులో తల దూర్చి "ఊఊఊ" అని ఒకటే అరుపు అరిచావు కదా, నా చెవులు ఇంకా గింగురుమంటూనే ఉన్నాయి. ఆ అరుపు వింటుంటే మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి గుర్తొచ్చింది. ఇది ఆదివారం బళ్ళో మీ టీచరమ్మ చెప్పేది కాదు. మన ఇంట్లో అమ్మమ్మల నోళ్ళలోనే తిరిగిన కథ. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తా, నీ ఇష్టం.

అనగనగా, సముద్రం దాటి, ఇసక దాటి, యూదా కొండల్లో ఒక ఊరు. ఆ ఊరి పేరు బేత్ జిమ్రా. వాళ్ళ భాషలో పాటల ఇల్లు అని అర్థం. అక్కడ రాళ్ళెక్కువ, మట్టి తక్కువ. అయినా ఆ జనం కొండని మెట్లుమెట్లుగా చెక్కి ద్రాక్షతీగలు పాకించారు, ఒలీవ చెట్లు పెంచారు, గొర్రెలు కాసుకున్నారు.

ఆ ఊళ్ళో మహలా అని ఒకామె ఉండేది. ఆమెకి ఒక కూతురు పుట్టింది. పుట్టగానే ఆ పిల్ల ఏడవలేదట. మంత్రసాని వీపు మీద ఒక్కటిచ్చింది. అప్పుడు ఏడ్చింది చూడు, కొండ మీద గొర్రెలు మేత మాని తలలెత్తి చూశాయట! ఆ పిల్లకి తిర్సా అని పేరు పెట్టారు.

తిర్సాకి ఉన్నమాట మొహం మీద అనేయడం అలవాటు. పక్కింటావిడ రొట్టె పెట్టి "ఎలా ఉందే?" అంటే "మాడింది" అనేది. చుట్టమొచ్చి "నా పాట బాగుందా?" అంటే "మా మేక నయం" అనేది. "ఈ నోటితో నువ్వెలా బతుకుతావే?" అని వాళ్ళమ్మ తల పట్టుకునేది. అచ్చం నీలాగే. నవ్వకు, నిన్నే అంటున్నా.

ఆ తర్వాత ఆ ఊరికి కరువొచ్చింది. తిర్సా నాన్న జ్వరంతో కన్నుమూశాడు. ఇంట్లో పిడికెడు గింజలు లేవు. అప్పుడు మహలా ఏం చేసిందీ, ఊరిపెద్ద జక్కూరు గడప తొక్కింది. జక్కూరు గింజలిచ్చాడు. గింజలిచ్చి, వాళ్ళ ద్రాక్షతోట తీసుకున్నాడు. మహలాని తన ఒలీవ గానుగలో పనికి పెట్టుకున్నాడు. గానుగ అంటే మన నూనె గానుగే, కాకపోతే అక్కడ ఎద్దు బదులు మనుషులు తిప్పేవాళ్ళు.

"ఎన్నాళ్ళు అమ్మా?" అని తిర్సా ఏడ్చింది.

"విడుదల యేడు వచ్చేదాకా తల్లీ" అంది మహలా.

విడుదల యేడంటే ఏంటో చెప్తా విను. ఆ జనానికి ఒక కట్టుబాటు ఉండేది. ఏడేళ్ళు ఏడుసార్లు తిరిగాక ఒక పెద్ద ఉపవాసం రోజొస్తుంది. ఆ రోజు ఊరిపెద్ద ఇంటి నుంచి పొట్టేలు కొమ్ముబూర ఒకటి మోగాలి. అది చెవిన పడిందా, ఒకరి కింద కట్టుబడి పనిచేసేవాళ్ళంతా చేతిలో పని అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోవచ్చు. చేజారిన పొలం మళ్ళీ వాళ్ళదే. ఆపడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఆ రోజు పొద్దు గుంకేలోపే మోగాలి. మోగకుండా పొద్దు గుంకితే మళ్ళీ ఏడేళ్ళు ఏడుసార్లు తిరగాలి. అన్నాళ్ళు ఎవరు బతికుంటారే?

తిర్సాని వాళ్ళ తాత పెంచాడు. ఆయన పేరు బుక్కి. ఇదిగో, నవ్వితే చెప్పను! ఆ దేశంలో అలాంటి పేర్లే పెట్టుకుంటారు. బుక్కి తాతకి నోట్లో ఒక్క పన్ను లేదు. ఆయన పాలపళ్ళు ఊడే వయసులో వెనకటి విడుదల యేడు బూర విన్నాడు. "ఆ రోజు మా అయ్య నన్ను భుజాన ఎక్కించుకుని గంతులేశాడే పిల్లా" అని రోజూ చెప్పేవాడు. తాతా మనవరాలూ కలిసి జక్కూరు గొర్రెలు కాసేవాళ్ళు.

గొర్రెలు మేపే కొండకి కిందే గానుగ. గోడ అడ్డం. తల్లి కనబడదు, కానీ తల్లి పాట వినబడేది. మహలా గానుగ తిప్పుతూ పాడేది. కొండ మీంచి తిర్సా అందుకునేది. తల్లీ కూతుళ్ళు మాట్లాడుకోవడం అంటే అదే. "అన్నం తిన్నావా? జ్వరం తగ్గిందా? తాత ఎలా ఉన్నాడు?" అన్నీ పాటలోనే.

అలా ఏళ్ళు గడిచాయి. తిర్సా మీ పెద్దక్క ఈడు పిల్లయింది.

ఒకరోజు పాట ఆగిపోయింది.

తిర్సా గొంతెత్తి పాడింది. బదులు లేదు. మళ్ళీ పాడింది. దగ్గు ఒకటి వినబడింది, అంతే. పిల్ల గుండె జారిపోయింది. రాయి మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

అప్పుడు ఒక మాట వినిపించింది. ఉరుము లేదు, మెరుపు లేదు. పక్కన కూర్చున్న మనిషి చెప్పినట్టే ఉంది. "తిర్సా, మీ అమ్మ పాట ఆగిపోయింది, విన్నావా? నేనూ విన్నాను."

ఎవరంటావు? ఆఁ, దేవుడే.

"విడుదల యేడు వచ్చింది. జక్కూరు బూర ఊదకుండా బిగబట్టుకు కూర్చున్నాడు. నువ్వెళ్ళి నా మాటగా చెప్పు" అన్నాడు దేవుడు.

తిర్సా లేచి నిలబడింది. "నేను చిన్నదాన్ని" అంది.

"చిన్నదానివే. పెద్దవాళ్ళంతా నోళ్ళు మూసుకుని కూర్చున్నారనే నిన్ను పిలిచా."

"నేను ఆడపిల్లని. ఊరి గవిని దగ్గర మగవాళ్ళే కూర్చుంటారు."

"నిన్ను కూర్చోమన్నానా? నిలబడి చెప్పు."

"మరి గొర్రెల్నెవరు చూస్తారు?"

"నేను చూస్తాలే. నాకలవాటే" అన్నాడు దేవుడు. "ఒక్కటి గుర్తుపెట్టుకో. మూడుసార్లు అడుగు. అతను మారడానికి తలుపు తీసే ఉంచుతా. మూసుకుంటే అతనే మూసుకోవాలి."

అదీ సంగతి. ప్రవక్త అంటే చిలకజోస్యం చెప్పే మనిషి కాదే కెజియా. దేవుడు విన్నదాన్ని మనుషులకి వినబడేలా చెప్పే మనిషి. తిర్సా అలా ప్రవక్త అయింది.

అప్పుడు తిర్సా కొండ దిగి ఊరి గవిని దగ్గరికి వెళ్ళింది. గవిని అంటే ఊరి పెద్ద వాకిలి, ఆ ఊళ్ళో తగవులన్నీ అక్కడే తీరుస్తారు. పెద్దలు రాతి అరుగుల మీద కూర్చున్నారు. మధ్యలో జక్కూరు. పొట్ట ఇంతుంది.

"జక్కూరయ్యా, విడుదల యేడు వచ్చింది. ఉపవాసం రోజున బూర ఊదమని దేవుడు చెప్పమన్నాడు."

జక్కూరు పొట్ట పట్టుకుని నవ్వాడు. "బూర మోగితేనే కదమ్మా యేడు వచ్చేది! ఆ బూర నా ఇంట్లో ఉంది. నాకు ఊదాలనిపించట్లేదు. దేవుడికి తొందరైతే ఆయన్నే వచ్చి ఊదుకోమను." అరుగుల మీద పెద్దలంతా పకపకా నవ్వారు. ఎందుకు నవ్వరూ, అందరి దొడ్లలోనూ కట్టుబడి మనుషులున్నారు.

నవ్వాడే గానీ జక్కూరుకి బెదురు పుట్టింది. మర్నాడే ఊళ్ళో గొర్రెల కాపరుల దగ్గరున్న బూరలన్నీ పోగేయించాడు. గవిని ముందు కుప్ప పోసి కాల్పించేశాడు. ఊరంతా కొమ్ము కాలిన కంపు. ఇంకెవరు ఊదుతారు, ఎలా ఊదుతారు అని చేతులు దులుపుకున్నాడు.

దులుపుకుని ఊరుకున్నాడా? లేదు. పీడ విరగడైందని విందు పెట్టాడు. తన మందలోంచి బాగా బలిసిన పొట్టేలుని కోయించాడు. ఆ విందు రోజే తిర్సా రెండోసారి జక్కూరు ఇంటికి వెళ్ళింది.

"అయ్యా, బూర ఊదు" అంది.

ఈసారి జక్కూరు నవ్వలేదు. ఎండుద్రాక్ష అప్పం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. తియ్యగా మాట్లాడాడు. "ఇలా చూడమ్మా. మీ అమ్మకి ఒంట్లో బాగాలేదట కదా, పాపం. ఆమె ఒక్కదాన్నీ ఇవాళే వదిలేస్తా, తీసుకుపో. నీ నోరు మాత్రం మూసుకో. సరేనా?"

అమ్మో, పిల్ల ప్రాణం కొట్టుకుపోయింది. అమ్మ! ఇవాళే! పక్కనే ఉన్న గానుగ గోడకి చిన్న కిటికీ ఉంది. అందులోంచి చూసింది. అమ్మ గానుగ తిప్పే దూలం పట్టుకుని వగరుస్తోంది. అమ్మ వెనక ఇంకొకామె, ఆమె వెనక ఒక ముసలాయన, ఆయన వెనక ఇంకా చాలామంది. అందరూ దూలం తోస్తూ తిరుగుతున్నారు. మహలా తల తిప్పి కూతురి చేతిలో అప్పం చూసింది, పక్కనే జక్కూరుని చూసింది. ఆమెకి అంతా అర్థమైపోయింది. వద్దన్నట్టు మెల్లగా తల అడ్డంగా ఊపింది.

తిర్సా అప్పం బల్ల మీద పెట్టేసింది. "అందరినీ వదులు" అంది. అని, ఏడుపు ఆపుకోలేక బయటికి పరిగెత్తింది.

ఎంత ఏడ్చిందనుకున్నావ్! అమ్మని తెచ్చుకునేదాన్ని కదా, తెచ్చుకోలేదే అని ఏడ్చింది. అలా ఏడుస్తూ జక్కూరు పెరటి వెనక బూడిద దిబ్బ మీద కూలబడింది. కూర్చోగానే నడుముకి ఏదో గట్టిగా గుచ్చుకుంది. "అబ్బా!" అని తిరిగి చూస్తే పొట్టేలు తలకాయ. విందు వంటవాళ్ళు విసిరేశారు. దానికి రెండు కొమ్ములు, మెలికలు తిరిగి, నిగనిగలాడుతూ!

ఊళ్ళో బూరలన్నీ కాల్చిన పెద్దమనిషికి, పొట్టేలు తల మీదే బూర మొలుస్తుందన్న ఇంగితం లేకపోయింది చూడు.

తిర్సా ఏడుపు టక్కున ఆగింది. ఆ తల ఎత్తుకుని బుక్కి తాత దగ్గరికి ఒకటే పరుగు. తాత చూశాడు. చూసి, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వాడు. ఇద్దరూ మనుషులు రాని లోయలోకి వెళ్ళారు. కొమ్ముని నీళ్ళలో ఉడకబెట్టారు. లోపలి ఎముక లాగి పారేశారు. ఆ తర్వాత ఇనప చువ్వ ఎర్రగా కాల్చి కొన దగ్గర రంధ్రం పొడిచారు. ఎండబెట్టి, రాతితో రుద్ది నున్నగా చేశారు.

అప్పుడు తిర్సా ఊదింది. మొదటిసారి "తుస్స్" మంది. తాత అటు తిరిగి నవ్వుకున్నాడు. రెండోసారి మేక తుమ్మినట్టు వచ్చింది. తాత నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మూడోసారి ఊదింది చూడు, తాత నవ్వలేదు. ఆయన కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. "ఇదేనే... ఇదే నేను చిన్నప్పుడు విన్నది" అన్నాడు.

ఉపవాసం రోజు రానే వచ్చింది. ఎవరింటా పొయ్యి వెలగలేదు. ఎవరూ పని ముట్టని రోజది, అయినా జక్కూరు గానుగ ఆపలేదు. ఏ మూలనైనా ఏ మోత మోగినా జనం చెవిన పడకూడదని, రాళ్ళు గడగడలాడేలా తిప్పించాడు. ఆ రొదకి పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు.

పొద్దు వాలుతోంది. తిర్సా బూరని నడుముకి కట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని మూడోసారి వెళ్ళింది.

"ఊదేయొచ్చు కదా అమ్మమ్మా, అడగడం ఎందుకు?" అంటావా? మూడుసార్లు అడగమన్నాడు దేవుడు. అడగాలి. జక్కూరుకి ఆఖరి అవకాశం అది.

"జక్కూరయ్యా, పొద్దు గుంకిపోతోంది. నీ చేత్తో నువ్వే ఊదు. నీకూ మంచిపేరొస్తుంది" అంది.

జక్కూరు మొహం కందగడ్డయింది. "దీని నోరు మూయించండిరా! గానుగ వెనక ఎండిన గోతిలో పడేయండి. పొద్దు గుంకాక తీద్దురుగాని!" అని కేకేశాడు.

ఇద్దరు మనుషులు తిర్సా రెక్కలు పట్టుకున్నారు. చేతికర్ర లాక్కున్నారు. నడుం దగ్గర ఎత్తుగా ఉన్నది తడిమి, మంచినీళ్ళ సొరకాయ బుర్రేలే అనుకుని వదిలేశారు. తాడు కట్టి గోతిలోకి దించి, తాడు పైకి లాగేశారు.

ఆ గొయ్యి వాన నీళ్ళు దాచుకోడానికి రాతిలో తొలిచింది. మూతి ఇరుకు. లోపల పొట్ట మాత్రం పెద్ద గదంత. ఆ యేడు చుక్క నీళ్ళు లేవు. లోపలంతా చీకటి, పైన గుండ్రంగా చారెడు ఆకాశం. అది మెల్లగా ఎర్రబడుతోంది.

తిర్సాకి భయమేసింది. నిజంగానే భయమేసింది. "దేవుడా, మూడుసార్లు అడిగానయ్యా. ఇప్పుడేం చెయ్యను?" అంది. దేవుడు పలకలేదు. అప్పుడు చిన్నపిల్లలా "అమ్మా" అంది. మెల్లగానే అంది. ఆ గొయ్యి మాత్రం "అమ్మాఆఆఆ" అని గోడలదిరేలా అంది!

మూతి ఇరుకు, పొట్ట పెద్దది. ఏం గుర్తొచ్చిందే నీకు?

ఆఁ, కాగు! నా బంగారుతల్లీ, కాగే! జక్కూరు తిర్సా నోరు మూయించాలనుకుని, ఊరు మొత్తంలోకి పెద్ద బూరలో కూర్చోబెట్టాడు.

తిర్సా గబగబా బూర తీసింది. నోరెండిపోయింది, "తుస్స్" మంది. పెదాలు తడుపుకుంది. మళ్ళీ ఊదింది, మేక తుమ్మింది. పైన ఆకాశం ఇంకా ఎర్రబడింది. అప్పుడు పుట్టినప్పుడు ఏడ్చిందే ఒక ఏడుపు, అంత ఊపిరీ పొట్టలోంచి తీసి ఊదింది.

అబ్బో! ఆ మోత గోతిలో సుడి తిరిగి, మూతిలోంచి పైకి లేచి, నేల కింది రాయంతా పాకింది. గానుగలో జాడీల నూనె వణికింది. కొండమీద గొర్రెలు మేత మాని తలలెత్తాయి. దూలం తోస్తున్నవాళ్ళ అరికాళ్ళు జివ్వుమన్నాయి. ఒకరి తర్వాత ఒకరు ఆగారు. గానుగ రాయి ఆగింది.

"అది నా కూతురి ఊపిరి" అంది మహలా. దూలం వదిలేసింది. వదిలేసి, ఎన్నాళ్ళకో గొంతెత్తి పాట అందుకుంది. పక్కామె అందుకుంది. ముసలాయన అందుకున్నాడు. అందరూ పాడుకుంటూ గానుగ తలుపు తోసుకుని బయటికొచ్చారు.

జక్కూరు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఆగండి! అది చెల్లదు! ఊరిపెద్ద ఇంటి బూర మోగితేనే లెక్క. అది నా ఇంటి బూర కాదు!" అని అరిచాడు.

జనం ఒక్క క్షణం నిలబడిపోయారు. అప్పుడు బుక్కి తాత కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చాడు.

"ఏం నాయనా జక్కూరూ, ఆ కొమ్ము ఏ పొట్టేలుదో తెలుసా? నీ విందుకి నువ్వు కోయించినదానిదే. నీ మందలో పుట్టింది, నీ ఇంట్లో తెగింది, నీ పెరటి దిబ్బ మీద పడింది. అది మోగిన గొయ్యి నీది. పిల్లని అందులో దింపిందీ నీ మనుషులే. ఇంకా ఏముందయ్యా అందులో నీ ఇంటిది కానిది?"

ఒక్కసారిగా జనమంతా గొల్లున నవ్వారు. అరుగుల మీద పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. అటు చూస్తే పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. "మోగింది" అన్నాడొక పెద్దాయన. "పొద్దుండగానే మోగింది. చెల్లుతుంది."

ఇంక చూడు సంబరం! గానుగ తాడే తెచ్చి గోతిలోకి వదిలారు. అందరూ పట్టుకుని లాగారు, అందరికంటే ముందు మహలా. తిర్సా తల బయటికి రాగానే తల్లి ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, మళ్ళీ ఏడ్చారు. బుక్కి తాత గంతులేశాడు. ఆ వయసులో గంతులేంటి అని ఎవరూ అనలేదు. జనం చెప్పులు చేతబట్టుకుని ఒట్టికాళ్ళతో వాళ్ళ వాళ్ళ పొలాల్లోకి నడిచారు, మట్టి కాలికి తగలాలని.

గానుగ దగ్గర జక్కూరు ఒక్కడే మిగిలాడు. తిర్సా వెనక్కి తిరిగి చూసింది. "అయ్యా, మీ ఇంట్లో ఇవాళ వంట చేసేవాళ్ళెవరూ లేరు కదా. ఉపవాసం విడిచాక మా ఇంటికి రా, రొట్టె పెడతాం" అంది.

వచ్చాడా అంటావా? వచ్చాడు. తల దించుకుని వచ్చి రెండు రొట్టెలు తిన్నాడు. "రొట్టె ఎలా ఉంది?" అని మహలా అడిగితే "బాగుందమ్మా" అన్నాడు. "మాడింది" అంది తిర్సా. జక్కూరుకి కూడా నవ్వాగలేదు.

ఆ తర్వాత తిర్సా చాలా ఏళ్ళు బతికింది. ఎక్కడ పాట ఆగినా అక్కడికి వెళ్ళేది. మూడుసార్లు అడిగేది. అప్పటికీ వినకపోతే బూర నోటికి ఆనించేది. ముసలిదయ్యాక ఊరివాళ్ళు వచ్చి, "అమ్మా, ఈ బూర ఇంక ఎవరింట్లో ఉంచాలి?" అని అడిగారు.

"ఎవరింట్లోనూ వద్దు" అంది తిర్సా. తనే వెళ్ళి ఊరి గవిని దగ్గర మేకు కొట్టించి తగిలించింది. పెద్దవాళ్ళకి మోకాలి ఎత్తులో తగిలించింది. "ఇంత కిందనా? పిల్లలకి అందుతుందమ్మా!" అన్నారు వాళ్ళు.

"అందాలనే" అంది తిర్సా.

ఏంటే, ఇంకా కళ్ళు తెరిచే ఉన్నావా? రేపు మళ్ళీ కాగులో అరవొచ్చా అనా? ఊరికే అరిచావంటే వీపు విమానం మోత మోగుతుంది, చెప్తున్నా. ఎవరైనా గోతిలో ఉన్నారని తెలిస్తే మాత్రం అరిచెయ్ తల్లీ. నా చెవులు పోయినా పర్లేదు, ఊరంతా వినబడేలా అరిచెయ్. ఇంక కళ్ళు మూసుకో.

కొమ్ముబూర కొండకి,
గొర్రెపిల్ల మందకి,
అమ్మ పాట ఇంటికి,
అయిన కథ కంచికి,
నిద్ర నీ కంటికి!